చదివినవారికే మైల

ఒకప్పుడు సింగవరమనే రాజ్యాన్ని మార్తాండభూపతి ఏలేవాడు. చెడ్డవాడు కాడు. కాకపోతే తాను చేసిన ప్రతి పనీ లోకంలో మొదటిసారి జరిగిందనుకునే రకం. ఊరికి బావి తవ్విస్తే ఆకాశగంగను తానే దింపినట్టు ఆరు నెలలు చెప్పుకునేవాడు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన గొప్పలకు అర్థముంది. ఆ రాజ్యంలో అంచెలు పెట్టించింది ఆయనే. ఆమడకొక పాక, పాకకొక మనిషి. గజ్జెల కర్ర పట్టుకుని ఒకడు పరుగున వచ్చి ఉత్తరాల సంచీ అందిస్తే, రెండోవాడు దాన్ని భుజాన వేసుకుని అదే పరుగున పోయేవాడు. అంతకుముందు సముద్రపు ఒడ్డు నుంచి రాజధానికి కబురు రావాలంటే నెల పట్టేది. అంచెలు వచ్చాక నాలుగు రోజులు.

ఇంకేముంది, జనానికి రాత పిచ్చి పట్టింది. ఆవు ఈనిందని రాశారు, పంటి నొప్పి తగ్గిందని రాశారు. వాటాల దగ్గర కొట్టుకున్న అన్నదమ్ములు మళ్ళీ ఉత్తరాల్లో కొట్టుకున్నారు. రాయడం రానివాళ్ళు వచ్చినవాళ్ళ చేత రాయించుకున్నారు. తాటాకు మీద రాసి, దారం చుట్టి, లక్కతో ముద్ర వేస్తే చాలు, ఇద్దరి మధ్య మాట ఇద్దరి మధ్యే ఉండేది.

రెండేళ్ళు అలా నడిచింది. ఆపైన ఎవరో ధాన్యపు కొట్లకు నిప్పు పెట్టాలని ఉత్తరంలో రాసుకున్నట్టు బయటపడింది. మంత్రి భైరవామాత్యుడికి అదే సాకుగా దొరికింది. ఆ నెలలోనే శాసనం వచ్చింది. ఏ ఊరి నుంచి ఏ ఉత్తరం వచ్చినా ముందు కోటలోని పఠనశాలకు చేరాలి. అక్కడ పన్నెండుమంది లేఖకులు ముద్ర పగలగొట్టి, చదివి, మళ్ళీ ముద్ర వేసి పంపాలి. ఆ పన్నెండుమందికీ రాజనేత్రాలని బిరుదు.

సభలో సాలెవాళ్ళ పెద్ద ఒకాయన లేచి, "ఆలుమగలు రాసుకునేవి కూడానా దేవరా?" అని అడిగాడు.

రాజు ఆ ప్రశ్న కోసమే కూర్చున్నట్టున్నాడు. "ప్రజలు నా బిడ్డలు. ఆ లేఖకుల కళ్ళు నా కళ్ళు. వాళ్ళు చదివితే నేను చదివినట్టే. తండ్రి చదివితే బిడ్డలకు సిగ్గేమిటి? తప్పు చేయనివాడికి భయమేమిటి?" అన్నాడు.

సభ చప్పట్లు కొట్టింది. ఆస్థానంలో చమత్కారిగా పేరున్న తిప్పన కూడా కొట్టాడు. మాట బాగుందనిపించి కొట్టాడు, అంతే. ఆ చప్పట్లకు తర్వాత చాలాకాలం సిగ్గుపడ్డాడు.

తిప్పన పొద్దున్నే కొలువుకు వెళ్ళేముందు తన అరుగు మీద కూర్చుని, రాయడం రానివాళ్ళకు ఉత్తరాలు రాసిపెట్టేవాడు. అలా వచ్చేవాళ్ళలో పేరిందేవి ఒకతె. కోట వాకిట్లో పూలదండలు కట్టి అమ్ముకుంటుంది. పుట్టిల్లు సముద్రం పక్కన చింతలరేవు. మూడేళ్ళ కిందట తల్లి నాంచారమ్మ వద్దంటున్నా వినకుండా మొగుడితో రాజధానికి వచ్చేసింది. బయలుదేరిన రోజు తల్లి వాకిలి దాకా కూడా రాలేదు. వచ్చిన ఏడాదికే మొగుడు జ్వరమొచ్చి పోయాడు. ఆ సంగతి రాయించినా తల్లి నుంచి జవాబు లేదు.

ప్రతి నెలా ఒక ఉత్తరం రాయించేది. ఏం రాయమంటావని అడిగితే అదే మాట. "నేను బాగానే ఉన్నానని రాయండి అయ్యగారూ. కోపం పోయిందా అని అడగండి."

ఒకరోజు ఆవిడ ఉత్తరం రాయించడానికి కాకుండా ఊరికే వచ్చి అరుగు కింద కూలబడింది. చింతలరేవు నుంచి ఉప్పు తెచ్చినవాడు మాటల్లో చెప్పాడట. నాంచారమ్మ పోయి నాలుగు నెలలైంది.

"నీకు తెలీదా అని వాడే ఆశ్చర్యపోయాడు అయ్యగారూ. అన్నయ్య ఉత్తరం వేశాడంట. అమ్మ ఆఖరి రోజు నాతో చెప్పమని ఏవో మాటలు చెప్పిందంట. పక్కన అన్నయ్య ఒక్కడే ఉన్నాడంట. అవన్నీ రాసి అంచెలో వేసి, ఓడ ఎక్కాడంట."

"మీ అన్నయ్యనే అడుగుదాం తల్లీ. ఓడ ఎప్పుడు తిరిగొస్తుంది?"

"రాదు. తుఫానులో పోయింది."

తిప్పన చేతిలో గంటం పక్కన పెట్టాడు. ఈ నాలుగు నెలల్లో చనిపోయిన మనిషికి కోపం పోయిందా అని తాను నాలుగు ఉత్తరాలు రాశాడు. మంచి దస్తూరీతో, పొరపాటు లేకుండా రాశాడు.

"అమ్మ ఏమందో ఆ ఉత్తరంలోనే ఉంది అయ్యగారూ. తిట్టినా సరే, నాకు కావాలి. అదెక్కడుందో చూడండి" అంది పేరిందేవి.

అంచెవాళ్ళను అడిగితే సంచీలో ఉత్తరం ఒక్కటీ తప్పిపోలేదని ఒట్టేశారు. తిప్పన పఠనశాలకు వెళ్ళాడు. వాకిట్లోనే ఆగిపోయాడు. పెరటి నిండా దండేలు, దండేల నిండా తడి పంచెలు. రాజకార్యం జరిగే చోటులా లేదు, చాకిరేవులా ఉంది.

లేఖకుల్లో పెద్దవాడు జోగిపంతులు బావి దగ్గర జుట్టు తుడుచుకుంటున్నాడు.

"ఏం పంతులుగారూ, ఈ వేళప్పుడు స్నానం?"

"ఇవాళ ఇది మూడోది నాయనా. చావు ఉత్తరం విప్పాక మునగక తప్పుతుందా? ఆకు విప్పగానే పైన శ్రీకారం లేకపోతే గుండె గుభేలుమంటుంది. మొదటి వరస చూడడం, చించి కాలవలో వేయడం, నాలుగు చెంబులు పోసుకోవడం. ముసలి ప్రాణం, జలుబు వదలడం లేదు."

"చించేస్తారా?"

"చదివిన చావు ఉత్తరాన్ని కప్పు కింద ఉంచుకుంటామా? మా తాతల నాటి నుంచీ ఉన్నదేగా." అని, తిప్పన ముఖం చూసి ఆగాడు. తుండుగుడ్డ పట్టిన చెయ్యి అలాగే నిలిచిపోయింది. ఇంట్లో తమకొచ్చిన చావు ఉత్తరాన్ని చించినట్టే, ఊళ్ళోవాళ్ళకొచ్చిన చావు ఉత్తరాలన్నీ ఏడాదిగా చించేస్తున్నాడు. పన్నెండుమందిలో ఒక్కడికీ ఆ సంగతి తట్టలేదు. దుర్మార్గులు కారు. ఆచారం తప్పని మనుషులు.

"ఎంత పని చేశాను నాయనా" అన్నాడు జోగిపంతులు.

మర్నాడు అమ్మవారి రథోత్సవానికి ముందురోజు. రథం తాడు మొదట పట్టి లాగేది రాజే. ఆ ఒక్క లాగుడు కోసం మార్తాండభూపతి ఏడాదంతా ఎదురుచూస్తాడు. సభలో ఆ మాటలే జరుగుతుండగా తిప్పన వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఒంటి మీద బట్టల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఏమోయ్ తిప్పన్నా, ఏమిటీ వేషం? లోపలికి రావేం?"

"చావు కబురు విన్నాను ప్రభూ. స్నానం చేసి వచ్చాను."

"అయ్యో. ఎవరు పోయారు?"

"చింతలరేవులో నాంచారమ్మ అనే ముసలామె."

"నీకేమవుతుంది?"

"నాకేమీ కాదు ప్రభూ. తమరికే కూతురు."

సభ గొల్లుమంది. రాజు కూడా నవ్వి, "డెబ్భై ఏళ్ళ కూతురా?" అన్నాడు.

"ప్రజలంతా బిడ్డలని తమరే సెలవిచ్చారు. వయసు సంగతి శాసనంలో లేదు. ఆమె పోయి నాలుగు నెలలైంది. కబురు ఆ వారమే తమకు చేరింది. తమరే చదివారు. స్నానం మాత్రం చేసినట్టు లేదు."

"నేనెప్పుడు చదివానయ్యా?"

"రాజనేత్రాలు చదివితే తమరు చదివినట్టే కదా ప్రభూ."

నవ్వులు కాస్త తగ్గాయి. తిప్పన పురోహితుడి వైపు తిరిగి, "బిడ్డ చావు కబురు చెవిన పడితే తండ్రికి ఎన్నాళ్ళు మైల స్వామీ?" అని అడిగాడు.

"పది రోజులు."

"పది రోజులు ఎప్పుడో గడిచిపోయాయిగా" అన్నాడు భైరవామాత్యుడు.

"ఈ ఒక్కదానికైతే గడిచాయి. జోగిపంతులుగారూ, మీరొకసారి ఇలా రండి. ఈ ఏడాదిలో చావు ఉత్తరం విప్పకుండా మీవాళ్ళకు పది రోజులు ఎప్పుడైనా గడిచాయా?"

జోగిపంతులు తల దించుకుని, "ఒక్క రోజు కూడా గడవలేదు" అన్నాడు.

"విన్నారుగా ప్రభూ. ఒక మైల తీరకముందే ఇంకొకటి. శాసనం వచ్చిన నాటి నుంచీ తమరు మైలలోనే ఉన్నారు. ఉగాది పంచాంగం మైలతోనే విన్నారు. అమ్మవారికి పట్టుచీర మైలతోనే పెట్టారు. రేపు రథం తాడు కూడా అలాగే పడతారేమో, పురోహితులవారు చెప్పాలి."

నిలబడి ఉన్న పురోహితుడు మెల్లగా కూర్చున్నాడు.

భైరవామాత్యుడు గొంతు సవరించుకుని, "రాజనేత్రాలన్నది ఏదో మాటవరసకు. వాళ్ళు జీతానికి పనిచేసే లేఖకులు. వాళ్ళ కళ్ళు వాళ్ళవే. మైల ఉంటే వాళ్ళకే" అన్నాడు.

"అలాగైతే ఇంకో చిక్కు మహామంత్రీ. పరాయి ఉత్తరం ముద్ర పగలగొట్టినవాడి వేలు తీయించాలని ప్రభువుల తాతగారి శాసనం. అది ఎవరూ రద్దు చేయలేదు. వేళ్ళు ఎవరితో మొదలుపెడదాం? పగలగొట్టినవారితోనా, పగలగొట్టమన్నవారితోనా?"

మంత్రి రెండు చేతులూ ఉత్తరీయంలో దాచుకున్నాడు.

మార్తాండభూపతి ఒకసారి మంత్రిని, ఒకసారి తిప్పనను చూశాడు. "తండ్రినైతే మైల మనిషిని. కాకపోతే దొంగని. ఎటు పొమ్మంటావోయ్ నన్ను?"

"ఉత్తరాలకు కాస్త అడ్డం తొలిగితే చాలు ప్రభూ."

రాజు పకపకా నవ్వాడు. సింహాసనం చేతులు చరిచి మరీ నవ్వాడు. ఓడిపోయినప్పుడు నవ్వగలగడం ఆయనలో ఉన్న మంచి గుణం. శాసనం ఆ క్షణమే రద్దయింది. చేతికున్న కంకణం తీసి, "దగ్గరకు రా. ఇది కాక ఇంకేం కావాలో కోరుకో" అన్నాడు.

తిప్పన నవ్వలేదు. కంకణమూ అందుకోలేదు. "ఒక ఉత్తరం కావాలి ప్రభూ. నాంచారమ్మకు తమరు కాక కన్నకూతురు కూడా ఉంది. బయట నిలబడి ఉంది. తల్లి ఆఖరి మాటలు ఆమెకు చేరలేదు. చదివింది తమ నేత్రాలు. ఏముందో చెప్పించండి."

పేరిందేవి వచ్చింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు పట్టుకుని నిలబడింది. చింతలరేవు, అన్న కోటయ్య రాసింది అని ఆమె అనగానే జోగిపంతులుకు గుర్తొచ్చింది. "నా చేతికే వచ్చింది. దస్తూరీ వంకరటింకరగా ఉంది. పైన శ్రీకారం లేదు. 'చెల్లీ, అమ్మ పోయింది' అని మొదటి వరస."

"తర్వాత?" అన్నాడు రాజు.

"తర్వాత చదవలేదు ప్రభూ. చావు కబురని తెలిశాక ఆ ఆకు చేతిలో పట్టుకోకూడదు కదా. చించేసి స్నానానికి పోయాను."

"అంటే ఆ తల్లి మాటలు ఎవరూ చదవలేదా?"

"ఎవరూ చదవలేదు."

రాజు కాసేపు ఆ కంకణాన్నే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి, కిరీటం ఆసనం మీద పెట్టి, ఎవరినీ పిలవకుండా పెరటి బావి దగ్గరకు నడిచాడు. తానే చేద తోడుకుని, పట్టుబట్టలతోనే నెత్తిన పోసుకున్నాడు. నాంచారమ్మకు ఒక చేద పోసుకుంటే సరిపోయేది. ఆయన చాలాసేపు పోసుకున్నాడు. ఆ ఏడు రథం తాడు మొదట పట్టింది సాలెవాళ్ళ పెద్ద. రాజు దూరంగా అరుగు మీద నిలబడి చూశాడట.

సింగవరంలో ఆ తర్వాత ఎవరి ఉత్తరం ముద్ర వాళ్ళే విప్పుకున్నారు. తిప్పన చమత్కారాన్ని జనం ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. నవ్వుకోవచ్చు. ఆరోజు సభ ముగిశాక కోట మెట్ల మీద జరిగింది మాత్రం చాలామందికి తెలియదు.

మెట్లు దిగుతున్న జోగిపంతులు దగ్గరకు పేరిందేవి వచ్చింది. ఆయన ఆమె కాళ్ళ మీద పడేలా వంగాడు. ఆవిడ పడనివ్వలేదు.

"ఒక్కటి చెప్పండి పంతులుగారూ. ఆకు మీద ఇంకా రాత ఉందా, అంతేనా?"

"ఉంది తల్లీ. చించేటప్పుడు చూశాను. రెండు వైపులా ఉంది. అంచుల్లో కూడా ఇరికించి రాశాడు."

"అమ్మకు కోపమొస్తే ఒక్క మాట పలికేది కాదు. ఆకు పట్టనంత చెప్పిందంటే కోపం లేనట్టే కదండీ" అంది పేరిందేవి.

"లేనట్టే తల్లీ" అన్నాడు జోగిపంతులు. అని, ముఖం పక్కకు తిప్పుకున్నాడు.