తొమ్మిది దూలాల లెక్క

సింగోజు కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త ఈరమ్మ. ఆవిడ చెప్పినట్టే చెబుతున్నా, ఒక్క మాట అటూ ఇటూ కానివ్వను.

రాజుగారి ఇంటికి ఒక గది పెంచాలనుకున్నారు. అక్కడ నేలంతా చెమ్మ. అందుకని మూరెడు ఎత్తున, కింద గాలాడేలా దూలాలు వేసి, వాటి మీద చెక్కలు పరవాలన్నాడు వడ్రంగి సింగోజు. తొమ్మిది దూలాలు అడిగాడు.

“దొంగవెధవా, అయిదు చాలు!” అని దివాను రంగప్ప నిండు సభలో గద్దించాడు. “నేల కుంగిందంటే నీ బొటనవేలు నరికిస్తాను.”

వేలు పోతే ఇక ఉలి పట్టలేడు.  అయినా సింగోజు చేతులు కట్టుకుని రాజుకేసి తిరిగాడు.

“అయిదే వేస్తాను మహాప్రభో. కానీ మాలో ఒక కట్టుబాటు ఉంది. దూలాల లెక్క కట్టినవాడు ఆ నేల కింద పడుకోవాలి, పైన నలభైమంది ఎగిరి తొక్కాలి. మా అయ్యా పడుకున్నాడు, నేనూ పడుకున్నాను. ఈసారి లెక్క దివానుగారిది.”



“న్యాయమే. పడుకుంటారా దివానుగారూ?” అన్నాడు రాజు.

దివాను నుదుటి చెమట తుడుచుకున్నాడు. “తొమ్మిదే వేసి చావు” అన్నాడు నోట్లోనే.

“అయితే లెక్క నాదే అయ్యా, నేనే పడుకుంటాను.”

తొమ్మిది దూలాల నేల తయారయ్యాక సింగోజు కింద పడుకున్నాడు, పైన నలభైమంది తొక్కారు. చెక్క కిర్రుమనలేదు. సింగోజు దుమ్ము దులుపుకుంటూ బయటికొచ్చాడు.

ఇప్పుడేమో ఆ లెక్క దివానుదని చెప్పుకుంటున్నారు. ఆయన కింద పడుకున్నాడా అని అడిగి, ఎవరైనా ఆ మాట దిద్దండి.