కంకాళుడి నల్లపలక

అనగనగా ఒక రాజు. ఆయన పేరు వీరకేతుడు, ఆయన ఊరు కేతునగరం. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు మణికేతుడు, నడిపివాడు రత్నకేతుడు, చిన్నవాడు పుష్పకేతుడు. ముగ్గురికీ ఒకటే పిచ్చి, గవ్వలాట. అన్నానికి పిలిస్తే వినపడదు, పక్కన ఏనుగు ఘీంకరించినా వినపడదు, గవ్వల చప్పుడు మాత్రం మూడు మేడల అవతలున్నా వినపడుతుంది.

ఆట నేర్పింది వాళ్ళ నాయనమ్మ. నేర్పిన రోజునే మూడు మాటలు చెప్పింది. "ఒరేయ్, ఒక్క పావునైనా చంపందే లోపలి గళ్ళలోకి పోకూడదు. చచ్చిన పావు తన ఇంటికి పోయి మళ్ళీ మొదట్నించీ బయల్దేరాలి. అడ్డగీతలు గీసిన గడిలో ఎవరూ ఎవర్నీ చంపకూడదు. ఈ మూడింట్లో ఏది తప్పినా తొండి కిందే లెక్క!" పెద్దవాళ్ళిద్దరూ గెలవడం నేర్చుకున్నారు. చిన్నవాడు ఎప్పుడూ ఓడిపోతూ ఉండేవాడు. అందుకని వాడికి నియమాలు బాగా గుర్తుండిపోయాయి.

ఒకనాడు నిండు సభలోకి కంకాళుడనే మాంత్రికుడు వచ్చాడు. నెత్తిన జడలు, చంకలో ఒక నల్లరాతి పలక. పలక మీద ఒక కోట చెక్కి ఉంది. ఆ కోట మీద సన్నగా వాన కురుస్తోంది. నిజం వానే! సభలో అందరూ నోళ్ళు వెళ్ళబెట్టి చూశారు.

"ఇది చీకటి కోట ఆట రాకుమారా! ఇందులో పావులుండవు. ఆడేవాడే పావు. నడి గడికి చేరితే పండినట్టు, గెలిచినట్టు. దారిలో చచ్చావో, ఇక అంతే సంగతులు" అన్నాడు మణికేతుడి వంక చూసి.

మణికేతుడు ఆగుతాడా? గవ్వలు గలగల ఊపి విసిరాడు. అంతే, మనిషి మాయం! ఝాము గడిచింది. పలకలోంచి గంట మోగింది.

"పండింది మహారాజా, మీ అబ్బాయి గెలిచాడు" అన్నాడు కంకాళుడు.

"మరి వాడేడీ?"

"గెలిచినవాడు తిరిగొస్తాడని నేనెప్పుడన్నాను?"

అన్నను తెస్తానని రత్నకేతుడు గవ్వలు విసిరాడు. వాడూ మాయం. మళ్ళీ గంట, మళ్ళీ "పండింది". రాజు కత్తి దూసి మాంత్రికుడి మెడ మీద వేశాడు. కత్తి విరిగింది గానీ మెడ తెగలేదు. "నా ప్రాణం నా ఒంట్లో ఉంటే కదా తెగడానికి!" అని నవ్వాడు వాడు.

పుష్పకేతుడు ముందుకొచ్చాడు. రాజు వాడి చెయ్యి పట్టుకుని, "నాయనా, మిగిలింది నువ్వొక్కడివేరా" అన్నాడు.

"అన్నలు లేని ఇంట్లో నేనుండి ఏం చేస్తాను నాన్నగారూ?" అని వాడు గవ్వలు విసిరాడు.

కళ్ళు తెరిస్తే చుట్టూ చీకటి, వాన, నాచు పట్టిన రాళ్ళు. కోట గుమ్మం ముందు ఒక పిల్ల దివిటీలు పట్టుకుని నిలబడి ఉంది.

"దివిటీ తీసుకో, లోపల చీకటి" అంది.

"నీ పేరేమిటి? మా అన్నల్ని చూశావా?"

"దివిటీ తీసుకో, లోపల చీకటి."

ఏమడిగినా అదే మాట. భలే పొగరుబోతు పిల్ల అనుకుని, దివిటీ తీసుకుని లోపలికి నడిచాడు. మెట్ల కింద ఒక ఎలుక ఎదురొచ్చింది. ఇలాంటి కోటల్లో వచ్చినవాడల్లా ముందు ఎలుక మీదికే కత్తి ఎత్తుతాడు. కానీ మనవాడు జోలెలోంచి గుప్పెడు అటుకులు తీసి పెట్టాడు. ఎలుక తిని, మూతి తుడుచుకుని, "నువ్వొక్కడివే నన్ను పలకరించావు, పద" అని వెంటవచ్చింది.

మొదటి ద్వారం దగ్గర ఇనప టోపీ ముఖం దాకా దించుకున్న భటుడు ఉన్నాడు. "నన్ను చంపందే లోపలికి పోలేవు" అన్నాడు. బతిమాలితే అదే మాట, బెదిరిస్తే అదే మాట. చివరికి కత్తులు కలిశాయి. పుష్పకేతుడు జీవితంలో మొదటిసారి గెలిచాడు. భటుడు కూలాడు, టోపీ దొర్లిపోయింది.

ఆ ముఖం మణికేతుడిది.

పుష్పకేతుడు పరుగున వెళ్ళి పక్కన కూర్చున్నాడు. "అన్నా!" అని ఒళ్ళోకి తీసుకోబోతే అన్న మంచులా కరిగిపోయి, ఖాళీ నేల మిగిలింది. చిన్నప్పుడు వీపున మోసిన అన్న! తన చేత్తో తనే నరికాడు! కత్తి విసిరేసి గుండెలు బాదుకుని ఏడ్చాడు.

ఎలుక దగ్గరకొచ్చింది. "ఇక్కడ గెలిచినవాళ్ళందరికీ ఇదే గతి. పండిన పావుకి మాంత్రికుడు ఒక చోటిస్తాడు, ఒక్క మాటిస్తాడు. ఎప్పటికీ అక్కడే, అదే మాట. పాత భటుల్ని వాళ్ళు చంపాక, రెండోవాడు కూడా పండాకే మీ అన్నల్ని ఈ రెండు ద్వారాల దగ్గర నిలబెట్టాడు."

"అయితే ఆ దివిటీల పిల్ల?"

"అందరికంటే ముందు గెలిచింది ఆవిడే."

పుష్పకేతుడు గుమ్మం వైపు తిరిగి చూశాడు. "మరి చచ్చినవాళ్ళు ఏమవుతారు?"

"నాకేం తెలుసు? నేనెప్పుడూ చావలేదు" అంది ఎలుక.

అప్పుడు వాడికి నాయనమ్మ రెండో మాట గుర్తొచ్చింది. చచ్చిన పావు తన ఇంటికి పోతుంది. ఇదీ గవ్వలాటేగా! కానీ ఇక్కడా అంతేనని ఎవరు చెప్పాలి? రెండో ద్వారం దగ్గర ఇనప టోపీలో నిలబడింది నడిపి అన్నే. విడిపించాలంటే చంపాలి. ఒకవేళ తన ఊహ తప్పైతే? ఒక అన్నను తెలియక చంపాడు, ఇంకో అన్నను తెలిసి చంపుతాడా?

"అన్న ప్రాణంతో పందెం కాయను. ముందు నేను చచ్చి చూస్తాను" అన్నాడు.

"నీకేమైనా మతిపోయిందా?" అని ఎలుక ధోవతి అంచు పట్టి లాగింది. వాడు విడిపించుకుని రెండో ద్వారం ముందు వట్టి చేతులతో నిలబడ్డాడు. "నన్ను దాటి పోలేవు" అంటూ అన్న కత్తి ఎత్తాడు. కత్తి దిగింది.

కళ్ళు తెరిస్తే తండ్రి సభ! ఎదురుగా మణికేతుడు మెడ తడుముకుంటూ మజ్జిగ తాగుతున్నాడు.

"ఒరేయ్, అన్ననే నరుకుతావురా?" అని మీదపడి కావలించుకుని ఏడ్చాడు. "నువ్వు రావడం చూశాన్రా. పేరు పెట్టి పిలుద్దామనుకుంటే నాలుక మీదికి ఆ ఒక్క మాటే వచ్చింది."

కంకాళుడి ముఖం నల్లబడింది. వాడు చెప్పింది తలకిందుల అబద్ధం. చావంటే భయపడి అందరూ గెలిచారు, గెలిచి చిక్కుకుపోయారు.

"చచ్చిన పావు మళ్ళీ బయల్దేరవచ్చు, కాదంటే తొండి" అని పుష్పకేతుడు గవ్వలు విసిరాడు. మాంత్రికుడు కాదనలేకపోయాడు.

ఈసారి ముందు దివిటీల పిల్ల దగ్గర ఆగాడు. "దివిటీ తీసుకో, లోపల చీకటి" అంటున్న ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. మాట ఒకటే గానీ, మనసు అంతా వింటూనే ఉంది! "నిన్ను మీ ఇంటికి పంపుతాను, మన్నించు" అని కత్తి ఎత్తాడు. ఆమె కరిగిపోయింది. ఎదురొచ్చిన ఎలుకను జోలెలో వేసుకుని, రెండో ద్వారం దగ్గర నడిపి అన్నతో పోరాడి వాడినీ ఇంటికి పంపాడు. ఇక మిగిలింది నడి గడి.

అక్కడ పంజరం, పంజరంలో చిలక. నేల మీద అడ్డగీతలు. ఎప్పుడు పలకలోకి దూరాడో గానీ, గీతల అవతల కంకాళుడు నిలబడి విరగబడి నవ్వుతున్నాడు.

"నా ప్రాణం ఆ చిలకలోనే ఉంది. ఏం చేస్తావు? ఆ గడిలో చంపకూడదు! మీ నాయనమ్మ చెప్పలేదా?"

"చెప్పింది. వదలకూడదని మాత్రం చెప్పలేదు" అని పుష్పకేతుడు ఆ గడిలో కాలు పెట్టకుండానే చెయ్యి చాచి పంజరం తలుపు తీశాడు.

చిలక ఒక్కసారి వాడి భుజం మీద వాలి, "మా ఇంటికి పోతున్నా" అని రివ్వున ఎగిరింది. మాంత్రికుడి నవ్వు ఆగిపోయింది. "ఒసే చిలకా! ఆగవే! నా ప్రాణమే!" అని జడలు ఎగరేసుకుంటూ వెంటపడ్డాడు. అలా పరిగెత్తి పరిగెత్తి పలక అంచు దాటి పడ్డాడు. ఎక్కడ పడ్డాడో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. పలక ఫెళ్ళున పగిలింది, చిలక సభ కిటికీలోంచి ఆకాశంలోకి ఎగిరిపోయింది. పుష్పకేతుడు సభ మధ్యలో కూర్చుని ఉన్నాడు, జోలెలో ఎలుక అటుకులు నములుతోంది.

దివిటీల పిల్లను వెతకాలని మర్నాడే వాడు ఓడెక్కాడు. చిలక ఎగిరిన దిక్కు పట్టుకుని ఏడు సముద్రాలు దాటాడు. ఏడో సముద్రం అవతల ఒక కోట, కోట బురుజు మీద ఆ చిలక, చిలక పక్కన ఆ పిల్ల. ఆమె ఆ దేశపు రాకుమారి, పేరు హేలావతి.

"నన్ను నరికినవాడివి నువ్వే కదూ?" అంది.

పుష్పకేతుడు తల దించుకున్నాడు. "నేనే. మాట్లాడించడానికి వచ్చాను."

"అయితే కూర్చో. ఏళ్ళ తరబడి దాచుకున్న మాటలున్నాయి" అంది. మూడు పగళ్ళు మాట్లాడింది. వాడు ఒక్కటీ వదలకుండా విన్నాడు. నాలుగో రోజు పెళ్ళి ముహూర్తం పెట్టారు. అన్నలిద్దరూ అక్షింతలు వేస్తూ మెడలు తడుముకున్నారు.

హేలావతి తండ్రి తరవాత ఆ దేశాన్ని వాళ్ళిద్దరే చాలా ఏళ్ళు చల్లగా ఏలారు. ఎలుకకు వంటశాలలో పీట వేశారు. అయినా ఒక్క సంగతి మిగిలిపోయింది పిల్లలూ. అప్పుడప్పుడు దీపాలు పెట్టేవేళ రాణి గుమ్మంలో నిలబడి, "దివిటీ తీసుకో, లోపల చీకటి" అనేది. రాజుకు గుండె ఆగినంత పనయ్యేది. ఎక్కడివాడక్కడ బిగుసుకుపోయి, రెండో మాట కోసం ఆమె పెదాల వంకే చూసేవాడు.

ఆమె కాసేపు అలాగే ఊరుకుని, పకపకా నవ్వి, "రండి, అన్నం చల్లారిపోతోంది" అనేది.