ఇసుక దారి తెలిసిన దొరసాని

అనగనగా ఏడు సముద్రాలకి అవతల, ఇంగ్లండనే చలిదేశంలో, సముద్రపు అంచున ఒక ఊళ్ళో ఒక రాతి కోట ఉండేదమ్మా. ఆ కోటలో మార్జరీ అని ఒక దొరసాని ఉండేది. ఏయ్, నవ్వకు. మార్జరీ అంటే పిల్లి కాదు. వాళ్ళ దేశంలో అది ఆడపిల్ల పేరు.

ఆ ఊరి ముందున్న సముద్రం అలాంటిలాంటిది కాదు. పాటు తీస్తే నీళ్ళన్నీ ఎటో వెళ్ళిపోయి, కనుచూపు మేర ఉత్త ఇసుకే తేలేది. పోటు వచ్చిందంటే మాత్రం, గుర్రాల దండు దౌడు తీసినట్టు హోరుమని వచ్చిపడేది. మధ్యలో ఊబులు. దారి తెలియకుండా దిగినవాడు మళ్ళీ గట్టెక్కేవాడు కాదు.

మార్జరీ వాళ్ళ నాన్న హంఫ్రీ దొర. తాతముత్తాతల నుంచి ఆ సీమకి ప్రభువులు. వాళ్ళమ్మ ఎల్సీ మాత్రం గొప్పింటి పిల్ల కాదు. ఆ ఇసుక మీద బాటసారులకి దారి చూపించి అవతలి గట్టు చేర్చే ముసలాయన కూతురు. హంఫ్రీ దొర మనసుపడి చేసుకున్నాడు. ఆ పెళ్ళికి దొరగారి తమ్ముడు గిల్బర్ట్ రాలేదు సరికదా, "కాళ్ళకి బురద ఆరనిదాన్ని కోటలోకి తెస్తావా?" అని అలిగి, దూరంగా ఒక పట్నానికి వెళ్ళిపోయాడు.

ఎల్సీ పట్టించుకోలేదు. కూతురి చెయ్యి పట్టుకుని రోజూ ఇసుకలోకి తీసుకెళ్ళేది. "అద్దంలా మెరిసే ఇసుక తొక్కకు. అలలు ముడతలు పెట్టిన ఇసుకని నమ్ము. కళ్ళు మోసం చేస్తే కాళ్ళని అడుగు" అని నేర్పేది.

ఆ తర్వాత ఒక చలికాలం ఎల్సీ పోయింది. ఆ దిగులుతోనే హంఫ్రీ దొరా పోయాడు. పాపం, ఇంకా పాతికేళ్ళు నిండని మార్జరీ, అంత కోటకీ అంత ఊరికీ ఒక్కతే దిక్కయింది.

అప్పుడు గిల్బర్ట్ బాబాయి సైన్యంతో వచ్చి కోటని చుట్టుముట్టాడు. మొదట, "కోట నాకిచ్చెయ్, నిన్ను బాగా చూసుకుంటాను" అని కబురు పెట్టాడు. మార్జరీ ఇవ్వనంది. తర్వాత, "ఇవ్వకపోతే గోడలు కూలుస్తాను" అన్నాడు. అప్పుడూ ఇవ్వనంది. మూడోసారి కబురు పెట్టలేదు. ఊరికి నిప్పు పెట్టించాడు.

జనమంతా పిల్లాజెల్లాతో కోటలోకి పరిగెత్తుకొచ్చారు. గాదెల్లో గింజలు అయిపోతున్నాయి. ఆకలికి పిల్లలు ఏడవడం కూడా మానేశారు. అది చూసిన మార్జరీకి గుండె తరుక్కుపోయింది.

"ఇసుక దాటి అవతలి గట్టుకి పోదాం. అక్కడి మఠంలో సాధువులు అన్నం పెడతారు" అంది.

"కోట పోతుంది కదా, దొరసానమ్మా!" అంది ఒక ముసలమ్మ.

"పోతే పోనీ అవ్వా. రాళ్ళకి ఆకలెయ్యదు."

తెల్లవారింది. పాటు తీసింది. గిల్బర్ట్ కాపలా పెట్టని సముద్రం వైపు చిన్న తలుపు తీసుకుని, ఒకే తాడు పట్టుకుని అందరూ బయల్దేరారు. ముందు మార్జరీ, చేతిలో పొడుగాటి కర్ర.

కొంత దూరం వెళ్ళాక ఇసుక తళతళా మెరిసింది. ఊబి! మార్జరీ చుట్టూ తిప్పి తీసుకెళ్ళింది. ఆ తర్వాత ఒక పాయ అడ్డొచ్చింది. మంచులాంటి నీళ్ళు, నడుము లోతు. పిల్లల్ని భుజాలకెత్తుకుని దాటారు. ఆ తర్వాత పొగమంచు కమ్మేసింది. ఎవరి చెయ్యి వాళ్ళకే కనబడటం లేదు! ముందు గట్టుందో, సముద్రముందో!

అప్పుడు మార్జరీ ఏం చేసిందనుకున్నావు? జోళ్ళు విప్పేసింది. కళ్ళు మూసుకుంది. ఉత్త పాదాలతో ఇసుక మీది ముడతల్ని తడుముకుంటూ అడుగులో అడుగేసింది. ఆమె వెనకాల ఊరు ఊరంతా, ఊపిరి బిగబట్టి, తాడు పట్టుకుని నడిచింది. అలా నడిచి నడిచి, కాలికి పచ్చగడ్డి తగిలింది. గట్టు! అందరూ ఏడుస్తూ నేల మీద పడి దణ్ణాలు పెట్టారు.

అప్పుడే మంచు విడిపోయింది. వెనక్కి చూస్తే, మార్జరీని పట్టుకోవాలని అడుగుల జాడ పట్టుకుని గిల్బర్ట్ సైన్యం వచ్చేస్తోంది. పట్నం మనుషులు కదా, ఇసుక సంగతి వాళ్ళకేం తెలుసు? కోటలో పెరిగిన గిల్బర్ట్ కూడా బురదంటే అసహ్యంతో ఏనాడూ అందులో కాలు పెట్టలేదాయె. గట్టు కనబడగానే జాడ వదిలేసి అడ్డంగా ఉరికి, దగ్గర్లోనే ఊబిలో పడ్డారు. గుర్రాలు సకిలిస్తున్నాయి. దూరంగా పోటు హోరు మొదలైంది.

"మన కొంపలు కాల్చినవాళ్ళకి తగిన శాస్తే అయింది!" అని ఎవరో అరిచారు.

మార్జరీ కర్ర పుచ్చుకుని వెనక్కి పరిగెత్తింది.

"కత్తులు పారేయండి! నిలబడకండి, బోర్లా పడుకుని పాకండి!" అని కేకలేసింది. సైనికులు ఆమె చెప్పినట్టే పాకి గట్టి ఇసుక మీదికొచ్చారు. బరువు దిగిన గుర్రాలు కూడా తన్నుకుని తన్నుకుని బయటపడ్డాయి. ఒక్క గిల్బర్ట్ మాత్రం ఇనుప కవచంతో నడుము దాకా దిగబడిపోయాడు.

"నీళ్ళొచ్చేస్తున్నాయి. నన్నొదిలెయ్, వెళ్ళిపో" అన్నాడు.

"నోరు మూసుకుని కర్ర పట్టుకో బాబాయ్!"

చాకుతో కవచం తోలు పట్టీలు కోసి, దాన్ని ఊడదీసి పారేసింది. కర్ర అందించి, తనూ బోర్లా పడుకుని లాగింది. ఒక్కతే లాగలేకపోతుంటే, గట్టు మీంచి ఇందాక తిట్టినవాళ్ళే దిగొచ్చి ఆమె నడుము పట్టుకుని లాగారు. వాళ్ళు గట్టెక్కారో లేదో, కొండంత నీరు వచ్చి ఆ చోటంతా ముంచేసింది. అంత సముద్రం ముందు, ఒళ్ళంతా బురదతో పిడికెడంత మార్జరీ! జనం ఒక్కొక్కరే గౌరవంగా టోపీలు తీసి నిలబడ్డారు.

గిల్బర్ట్ వణుకుతూ అడిగాడు. "నీకింత అన్యాయం చేశానే. నాకోసం ఎందుకొచ్చావు తల్లీ?"

మార్జరీ ఆయన మొహం మీది బురద తన పైట చెంగులాంటి గుడ్డతో తుడిచింది. "నాన్న పోయాక ఆ ముక్కూ, ఆ కళ్ళూ నీ మొహంలోనే మిగిలాయి బాబాయ్. వాటిని కూడా ఎలా పోగొట్టుకోను?"

అంత పెద్దాయనా పసిపిల్లాడిలా భోరుమన్నాడు. ఆ తర్వాత కోట ఆమెకే వదిలేశాడు. కాల్చిన ఇళ్ళన్నీ తన సైనికులతోనే మళ్ళీ కట్టించాడు, తనూ మట్టి మోశాడు.

పోటు కడలికి, పిట్ట గూటికి,
కథేమో కంచికి, కన్నేమో కునుకుకి,
నువ్వూ నేనూ మన ఇంటికి.