తీగకు గుచ్చిన కాగితం

అప్పలాచారి మాస్టారికి ఒక పట్టింపు ఉండేది. సంతకం పెట్టిన కాగితం చేతికి రానిదే ఆయనా ముట్టుకోరు, ఆయన శిష్యులూ ముట్టుకోరు, ఎవరి కంప్యూటరైనా సరే. విజయనగరంలో కుట్టుమిషన్ల దుకాణం మీద రెండు గదులు ఆయన బడి. అక్కడ నేర్పేది, నిజం చెప్పాలంటే, దొంగ విద్యే. కాకపోతే పద్ధతి దొరలది. ఏ ఆసుపత్రో కాలేజీయో పిలిచి, "మా కంప్యూటర్లలోకి దొంగ ఎలా దూరగలడో చూసి చెప్పండి బాబూ" అంటే, వీళ్ళు వెళ్ళి, దూరి, కన్నం ఎక్కడుందో చూపించి వస్తారు. ఎథికల్ హ్యాకింగ్ అని దానికి పేరు. పిలిచినవాళ్ళు ముందుగా ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. అందులో ఉండేవి మూడే ప్రశ్నలు: ఏం చూస్తారు, ఎందుకు చూస్తారు, ఎక్కడ ఆగుతారు. ఆ కాగితాలన్నీ పాతకాలపు ఆఫీసుల్లోలాగా ఒక తీగకు గుచ్చి గోడకు వేలాడుతుండేవి. ఆ గోడకి దేవుడి పటం కూడా లేదు, ఆ తీగే ఆయన దేవుడనుకోండి.

ఆ బడిలో వనజాక్షిని మించినవాళ్ళు లేరు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. పగలు పాలకేంద్రంలో ఉద్యోగం, సాయంత్రం ఈ చదువు. దొంగ మెయిలు ఎంత ముస్తాబై వచ్చినా ఇట్టే పట్టేసేది. పంపినవాడి చిరునామాలో ఒక్క అక్షరం తేడా, "ఇప్పుడే నొక్కకపోతే మీ ఖాతా మూసేస్తాం" అనే తొందర, బస్టాండులో ఊరికే దొరికే వైఫై, దారిలో ఎవరో కావాలని పారేసిన పెన్‌డ్రైవు... ఇవన్నీ ఆమెకి కొట్టిన పిండి. "నువ్వు నిజంగా దొంగవైతే మేమంతా ఊరు ఖాళీ చెయ్యాల్సిందేనమ్మా" అని మాస్టారు మురిసిపోయేవారు.

ఒక సాయంత్రం అందరూ వెళ్ళిపోయినా ఆమె లేవలేదు.

"మాస్టారండీ, మనసులో చెడ్డ ఏమీ లేకపోయినా సంతకం కావాలంటారా?"

"ఎవరి కంప్యూటరమ్మా?"

"కంప్యూటరు కాదండీ. మా చెల్లి మెయిలు. బాగుందో లేదో చూసుకుని వచ్చేస్తాను. ఒక్కటీ ముట్టుకోను."

సంగతేమిటంటే, వనజాక్షీ, చెల్లెలు నీరజా ఒకే దుప్పట్లో పెరిగిన పిల్లలు. ఆరేళ్ళ కిందట చెల్లెలు ఫోను పట్టుకుని గంటలు గంటలు గడుపుతుంటే అక్కకి బెంగ పట్టుకుంది. పాస్‌వర్డు ఊహించడం ఎంతసేపు? ఇద్దరూ చిన్నప్పుడు పెంచుకున్న మేకపిల్ల పేరే. చెల్లెలి మెయిలు తెరిచింది, చివరిదాకా చదివింది. అందులో తప్పేమీ లేదు. చెల్లెలికి మాత్రం తెలిసిపోయింది. "అడిగితే నేనే చెప్పేదాన్ని కదక్కా" అని ఒక్క మాట అని, పార్వతీపురం వైపు టీచరు ఉద్యోగం వస్తే వెళ్ళిపోయింది. నంబరు మార్చేసింది. వనజాక్షి ఇప్పటికీ తల దువ్వుకుంటూ, సగం జడ అల్లి, మిగతాది అందుకొమ్మన్నట్టు వెనక్కి చాపుతుంది. అందుకునే చెయ్యి ఉండదు.

ఆమె తన ఫోను మాస్టారి ముందు పెట్టింది. అందులో ఒక మెయిలు, రాసి సిద్ధంగా ఉంది, పంపడమే తరువాయి. "బదిలీ జాబితాలో మీ పేరు కలదు. చూచుటకు ఇక్కడ నొక్కుడు." నీరజ అక్కడ నొక్కి పాస్‌వర్డు కొడితే అది ఇటు వచ్చి పడుతుంది.

"బదిలీ కోసం చూస్తోందా?"

"రెండేళ్ళుగా చూస్తోందటండీ. మన విజయనగరం బడికే పెట్టుకుందని మా పిన్ని చెప్పింది."

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు. "దొంగదని ఎక్కడా దొరకదు. వందకి వంద వెయ్యాల్సిందే. దేనితో పట్టావు ఆవిడని?"

"ఆమె దేనికోసం ఎదురుచూస్తోందో దానితోటండీ."

"మరి నిన్ను పట్టింది ఏ ఎదురుచూపమ్మా?"

మాస్టారు సొరుగులోంచి అనుమతి కాగితం ఒకటి తీసి ఆమె ముందుకు జరిపారు. "మన పద్ధతి మనకుంది కదా. ఖాతా ఎవరిదో సంతకం వాళ్ళది. నింపు."

ఎన్ని ఆఫీసులకి నింపిందో ఆ కాగితం! కళ్ళు మూసుకుని నింపగలదు. ఆ వేళ మాత్రం కలం కదల్లేదు. ఏం చూస్తారు? "నువ్వు బాగున్నావో లేదో" అని రాసింది. ఎందుకు? రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. చివరికి "నువ్వు లేకపోతే తోచక" అన్నది మిగిలింది. మూడో ప్రశ్నకి వచ్చింది. ఎక్కడ ఆగుతారు? "నువ్వు ఎక్కడ ఆగమంటే అక్కడ. గుమ్మం బయటైనా సరే. ఆ రోజు అడక్కుండా వచ్చాను."

కాగితం మీద రెండు చుక్కలు పడి సిరా అలుక్కుపోయింది. వేరేది రాస్తానంది. "అక్కర్లేదు, అలాగే పంపు" అన్నారు మాస్టారు. "రిజిస్టరు పోస్టులో, వాళ్ళ బడి చిరునామాకి. పంపేవారి పేరు మాత్రం నీదే రాయి, పూర్తిగా."

ఆమె ఫోను అందుకుని, వందకి వంద తెచ్చుకున్న ఆ మెయిలు తనే తుడిచేసింది.

వారం అయింది, పది రోజులయింది. పాలకేంద్రానికి పోస్టుమాన్ వచ్చినప్పుడల్లా చేతిలో పని ఆగిపోయేది. పదకొండో రోజున వచ్చింది. ఉత్తరం కాదు, ముట్టిందని తిరిగొచ్చే అక్నాలెడ్జిమెంటు కార్డు. దాని మీద నీరజ సంతకం, సంతకం కింద చిన్న వంకర గీత. పలక మీద చెయ్యి పట్టుకుని ఆ గీత నేర్పింది వనజాక్షే. దొంగవి పట్టడానికి అలవాటుపడిన కళ్ళు ఆ గీత మీద నిలిచిపోయాయి.

సాయంత్రం బడికి పరిగెత్తుకొచ్చి కార్డు చూపించింది. "ఇది అనుమతి కాదు కదండీ?"

"కాదమ్మా. అందిందని రసీదు, అంతే." మాస్టారు కార్డుని అటూ ఇటూ తిప్పి చూసి, తీగకు గుచ్చకుండా ఆమె చేతిలోనే పెట్టారు. తీగ మీద కాగితాలని మాత్రం కాస్త పక్కకి జరిపి, ఇంకొకదానికి చోటు చేశారు.

"అన్నట్టు, మీ చెల్లి ఏ ఊరికి బదిలీ అడిగిందన్నావూ?"