పావుకోళ్ళూ పచ్చచుక్కా

ఉత్పల ఆశ్రమానికి వచ్చి ఏడాది దాటింది. తెల్లవారకముందే లేవడం నేర్చుకుంది, మాట్లాడకుండా తినడం నేర్చుకుంది. కాలేజీ రోజుల్లో వక్తృత్వ పోటీలన్నీ గెలిచిన పిల్ల, వాదనలో ఓడిపోవడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు.

ఆ ఉదయం ఆమెకొచ్చిన చిక్కు కూడా అదే. పొద్దుటి నుంచీ ఫోన్లో వాదించి గెలుస్తూనే ఉంది. అయినా ఫోన్లు ఆగడం లేదు.

గోదావరి ఒడ్డున, గట్టు మీద ఉంది ఆ ఆశ్రమం. చూపులేని పిల్లలకు పాఠాలు చదివి వినిపించడం అక్కడ ఎప్పటి నుంచో ఉన్న ఆచారం. పూర్వం పిల్లలే వచ్చి అరుగు మీద కూర్చుని వినేవారు. ఇప్పుడు రిటైరైన కోదండం మాష్టారు మైకు ముందు కూర్చుని చదువుతారు. ఆ చదివింది సర్వర్‌లోకి ఎక్కుతుంది. ఎక్కడెక్కడి పిల్లలో వాళ్ళ వాళ్ళ ఫోన్లలో వింటారు. దానికి 'చెవిబడి' అని పేరు పెట్టినవారు గురువు చిదంబరమ్మగారు. అందరూ ఆమెను అవ్వగారు అంటారు. ఉత్పల కంప్యూటర్లు చదువుకుందని తెలిసిన రోజునే "చెవిబడి నీది" అని ఒక్క మాటతో ఆమె చేతిలో పెట్టేశారు.

సర్వర్ ఉండేది వంటింటి పక్క గదిలో. దాని బాగోగులు చెప్పడానికి తెర మీద ఒక కంట్రోల్ ప్యానెల్. వెబ్‌సైటు, మెయిలు, బ్యాకప్, పాఠాల ఆడియో, ఒక్కోదాని పక్కన ఒక చుక్క. నడుస్తుంటే పచ్చ, ఆగిపోతే ఎరుపు. ఆ ఉదయం పై నుంచి కింది దాకా అన్నీ నాట్లు వేసిన మడిలా పచ్చగా ఉన్నాయి.

ఫోను మళ్ళీ మోగింది.

"అక్కా, నేను సలోమిని, చీరాల నుంచి. పాఠం నొక్కితే ఏం వినబడట్లేదు. నిన్నట్నుంచీ ఇంతే."

"ఇక్కడ ఆడియో నడుస్తోంది సలోమీ. నీ ఫోను చూసుకో."

"నా ఫోన్లో పాటలు బానే వస్తున్నాయక్కా."

"అయితే నెట్ చూసుకో."

"నెట్ లేకపోతే మీ సైటు ఎలా తెరుచుకుందంటారు?"

ఉత్పల కుర్చీలో నిటారుగా కూర్చుంది. చాన్నాళ్ళకు దీటైన ప్రత్యర్థి దొరికింది.

"చూడు, సైటు తెరుచుకుందని నువ్వే ఒప్పుకున్నావు. సైటూ ఆడియో ఉండేది ఒకే సర్వర్‌లో. అంటే సర్వర్ బాగుంది. ఆడియో పక్కన పచ్చచుక్క నిగనిగలాడుతోంది. అంటే ఆడియో బాగుంది. ఇక తప్పు ఎటువైపు మిగిలింది? నువ్వే చెప్పు."

"నాకు చుక్కలు కనబడవు కదక్కా," అంది సలోమి. "వినబడటమే నాకు తెలుసు. అది వినబడట్లేదు. ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టొచ్చుగా?"

"నడుస్తున్నదాన్ని ఆపమంటావా? అవతల వింటున్నవాళ్ళ గతేం కాను?"

"ఎవరు వింటున్నారక్కా?"

ఉత్పల దానికి జవాబు వెతికేలోపే ఆ పిల్ల గొంతు మారింది.

"రేపు చరిత్ర పరీక్షక్కా. చివరి రెండు పాఠాలూ ఒక్కసారి కూడా వినలేదు. నేను చెబితే రాయడానికి ఒకమ్మాయి వస్తుంది. సాయంత్రంలోగా వినకపోతే, రేపు ఆ అమ్మాయి పెన్ను పట్టుకుని నా మొహం చూస్తూ కూర్చోవాలి."

ఉత్పలకు మనసు చివుక్కుమంది. తెర వైపు చూసింది. పచ్చచుక్క పచ్చగానే ఉంది.

"ఇంకో ఫోన్లో ప్రయత్నించు," అని పెట్టేసింది.

ఇక ఉండబట్టలేక అవ్వగారి గుడిసె దగ్గరికి వెళ్ళింది. అవ్వగారు అరుగు మీద కూర్చుని తోటకూర ఒలుస్తున్నారు.

"చూపు లేకపోవడం వేరు అవ్వగారూ, నమ్మకం లేకపోవడం వేరు. అన్నీ బాగున్నాయని నేను కళ్ళారా చూసి చెబుతుంటే, ఒక్కళ్ళూ నమ్మరేం?"

"పచ్చగా ఉందా?"

"నిగనిగలాడుతోంది."

"ఆహా," అన్నారు అవ్వగారు సంతోషంగా. కూర కాడలు ఒక పక్కకు, ఆకులు ఒక పక్కకు సర్దారు. "కాసేపు ఇక్కడే అరుగు మీద కూర్చో. ఎవరైనా నాకోసం వస్తే, ఉన్నానో లేనో చూసి చెప్పు."

పావుకోళ్ళు గడప బయట విడిచి, లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నారు.

ఆ పావుకోళ్ళ సంగతి ఆశ్రమంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. అవి టకటకలాడితే అవ్వగారు వస్తున్నట్టు. గడప బయట ఉంటే అవ్వగారు లోపల ధ్యానంలో ఉన్నట్టు. అప్పుడు తలుపు తట్టకూడదు, పిలవకూడదు, అరుగు మీద గట్టిగా దగ్గకూడదు. కోదండం మాష్టారు దగ్గు వస్తే పెరట్లోకి పోయి దగ్గి వచ్చేవారు. ఈ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. అవ్వగారు పెట్టలేదు.

ఉత్పల అరుగెక్కి కూర్చుంది. ఫోను మోగుతూనే ఉంది. "ఇక్కడ బాగానే ఉంది, మీ వైపు చూసుకోండి," అని ఒక్కొక్కరికీ చెబుతూనే ఉంది.

ఇంతలో పడవ నడిపే గంగులు భుజం మీద పెద్ద పనసకాయతో మెట్లెక్కి వచ్చాడు.

"ఆయ్, అమ్మాయిగారూ! అవ్వగారు రేవులో కనబడ్డారండి. కాయ గుడిసె దగ్గర పెట్టు, నేనొచ్చేస్తానన్నారండి."

"నెమ్మదిగా మాట్లాడు గంగులూ. అవ్వగారు లోపల ధ్యానంలో ఉన్నారు."

గంగులు కాయను దించి తుండుతో మొహం తుడుచుకున్నాడు. "నేనిప్పుడే మాట్లాడొస్తున్నానండీ."

"ఎవరితో?"

"అవ్వగారితోనండి."

"అవ్వగారు ఎక్కడికి వెళ్ళినా పావుకోళ్ళు వేసుకుని వెళ్తారా, లేదా?"

"వెళ్తారండి."

"ఇవి ఎవరి పావుకోళ్ళు?"

"అవ్వగారివేనండి."

"ఎక్కడున్నాయి?"

"ఇక్కడేనండి."

"మరి అవ్వగారు ఎక్కడున్నారు?"

గంగులు పావుకోళ్ళ వైపు చూశాడు. రేవు వైపు చూశాడు. మళ్ళీ పావుకోళ్ళ వైపు చూశాడు.

"లోపలేనండి," అన్నాడు చివరికి, గొంతు బాగా తగ్గించి. "మరి రేవులో నన్ను కాయ మొయ్యలేకపోతున్నావా అని ఆటపట్టించిందెవరండి?"

"అది నువ్వు తేల్చుకోవాలి."

అతను పనసకాయ పక్కన చతికిలబడి తేల్చుకోసాగాడు. ఉత్పల ఫోనులో ఇంకొకరికి జవాబు చెబుతోంది.

ఏ టకటకా లేకుండా రేవు మెట్ల మీదుగా ఎవరో పైకి వచ్చారు. వట్టి కాళ్ళు, తడిసిన చీర కుచ్చిళ్ళు, చంకలో నీళ్ళ బిందె. వచ్చి, బిందె పక్కన పెట్టి, గంగులు పక్కనే అరుగు కింద కూర్చున్నారు. తల ఎత్తి, కొత్తగా ఊళ్ళోకి వచ్చిన మనిషిలా ఉత్పలకు చేతులు జోడించారు.

"అమ్మా, అవ్వగారు ఉన్నారా?"

ఉత్పల ఆ వట్టి కాళ్ళ వైపు చూసింది. గుడిసెకు పెరటి తలుపు కూడా ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

అవ్వగారు మెడ సాచి గడప వైపు చూశారు.

"పావుకోళ్ళున్నాయిగా. అయితే లోపలే ఉండుంటాను. ధ్యానంలో ఉన్నానేమో పాపం, కదపకూడదు. బయటికి వచ్చేదాకా కూర్చుంటాను."

అని నిజంగానే కాళ్ళు మడుచుకుని కళ్ళు మూసుకున్నారు.

"ఆయ్, నేనూ అందుకే కూర్చున్నానండి," అన్నాడు గంగులు.

ఉత్పల చేతిలో ఫోను మోగింది. తెర మీద సలోమి పేరు. ఉత్పల ఆ పేరును చూసింది. తన గుడిసె ముందు, తన పావుకోళ్ళకు ఎదురుగా, తన కోసం తనే ఎదురుచూస్తూ కూర్చున్న అవ్వగారిని చూసింది. ఫక్కున నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఉండగానే "అయ్యో!" అంటూ అరుగు మీద నుంచి కిందికి దూకింది.

కాళ్ళకు చెప్పులు తగిలించుకుని వంటింటి పక్కకు పరుగెత్తింది. సర్వర్ గది గుమ్మంలో వాటిని విడిచి లోపలికి దూరింది. ఈసారి తెర వైపు చూడలేదు. తన ఫోనే తీసి, చూపులేని పిల్లలు ఎలా తెరుస్తారో అలాగే చెవిబడి తెరిచి, కళ్ళు మూసుకుని, పాఠం నొక్కి, చెవి దగ్గర పెట్టుకుంది.

ఏమీ లేదు. పైన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.

పొద్దుటి నుంచీ ఇంతమందికి జవాబు చెప్పింది కదా, ఒక్కసారైనా తను నొక్కి వినలేదు.

అప్పుడు ప్యానెల్లో ఆడియోను మొదలుపెట్టమని నొక్కింది. 'ఈ సర్వీసు ఇప్పటికే నడుస్తోంది' అంది ప్యానెల్. అచ్చం ఉత్పల గొంతే.

ప్యానెల్‌ను పక్కకు నెట్టి, ఆదేశాలు టైపు చేసే నల్ల తెర తెరిచింది. లోపల ఎవరెవరు మేలుకుని ఉన్నారో యంత్రాన్నే నేరుగా అడిగింది. వెబ్‌సైటు పలికింది. మెయిలు పలికింది. బ్యాకప్ పలికింది. ఆడియో ఊసే లేదు.

వెతికితే కారణం దొరికింది. ఆడియో పని మొదలుపెట్టేటప్పుడు, నేను లోపలే ఉన్నాను అన్నట్టుగా ఒక చిన్న గుర్తును బయట వదులుతుంది. పని ముగించి వెళ్ళేటప్పుడు దాన్ని తీసేస్తుంది. మొన్న రాత్రి గాలివానకు కరెంటు ఠపీమని పోయింది. గుర్తు తీసే వ్యవధి లేకుండానే ఆడియో ఆరిపోయింది. కరెంటు వచ్చాక మిగతావన్నీ లేచి పనిలో పడ్డాయి. ప్యానెల్ ఆ గుర్తును చూసి పచ్చచుక్క పెట్టేసింది. అది సరే. అసలు వింత ఆడియోది. అది కూడా లేచి వచ్చి, గుమ్మంలో తన గుర్తు తనే చూసుకుని, ఓహో నేను లోపలే ఉన్నాను కాబోలు అనుకుని, మర్యాదగా వెనక్కి తిరిగిపోయింది.

ఉత్పల బల్ల మీద తల పెట్టుకుని కడుపు పట్టుకుని నవ్వింది. వంటింట్లోంచి కోదండం మాష్టారు తొంగి చూసి, "ఏమ్మా, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగారు.

"ఇప్పుడే బాగైంది మాష్టారూ!"

గుర్తు చెరిపేసింది. ఆడియోను తన చేత్తో నేరుగా లేపింది. సలోమికి ఫోను చేసింది.

"సలోమీ, ఇప్పుడు నొక్కు."

అవతల ఏ చప్పుడూ లేదు. ఏ పోటీలో ఫలితం కోసమూ ఉత్పల ఇలా ఊపిరి బిగబట్టలేదు.

"మాష్టారు దగ్గారక్కా!" అని కేక పెట్టింది సలోమి. "దగ్గారు! పాఠం మొదలైంది!"

ప్రతి పాఠం ముందూ దగ్గడం మాష్టారి అలవాటు. దాన్ని కోసెయ్యాలని ఉత్పల ఎన్నిసార్లు అనుకుందో! ఇప్పుడు ఆ దగ్గు ఆమె చెవికి మంగళవాద్యంలా ఉంది.

"అక్కా, మీ చుక్క ఏమంటోంది?"

ఉత్పల ప్యానెల్ వైపు చూసింది. గుర్తు చెరిపిన క్షణంలో అది ఒకసారి తొంగి చూసినట్టుంది. చుక్కను ఎర్రగా మార్చి ఊరుకుంది. మళ్ళీ ఎప్పుడు చూస్తుందో దాని ఇష్టం.

"ఎర్రగా ఉంది. పాఠం ఆగిపోయిందంటోంది."

"అవునా! మరి నాకు వినబడుతున్నదేంటి?"

"నువ్వే చెప్పు."

"పాఠం."

"అయితే పాఠమే," అంది ఉత్పల. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఇంత హాయిగా ఏ వాదననూ వదులుకోలేదు. "సలోమీ, పొద్దున నేను నిన్ను..."

"పరీక్షయ్యాక పోట్లాడుకుందామక్కా. ఇప్పుడు పెట్టేయండి, చదువుకోవాలి."

పెట్టేసింది.

పొద్దుటి నుంచీ ఎవరెవర్ని ఫోనులో ఓడించిందో అందరికీ, బయట గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ తనే మళ్ళీ ఫోను చేసింది. "పొద్దున మీరు చెప్పిందే నిజం, ఇప్పుడు వినండి," అని చెప్పి, వినబడుతోందా అని అడిగి, వినబడుతోందని వాళ్ళ నోట విన్నాకే పెట్టింది. ఆఖరి ఫోను అయ్యాక ఆగలేకపోయింది. అవ్వగారి గుడిసెకు ఒక్క పరుగు తీసింది.

అరుగు ఖాళీగా ఉంది. బిందె లేదు, గంగులు లేడు, పనసకాయ లేదు. తలుపు దగ్గరికి వేసి ఉంది. గడప బయట పావుకోళ్ళు, పొద్దున ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

ఉత్పల వాటి వైపు చూసి ఆగింది. ఆ పావుకోళ్ళు బయట ఉండగా ఆ తలుపు ముందు నిలబడి గొంతెత్తిన వాళ్ళు ఇంతవరకూ లేరు.

గట్టిగా ఊపిరి తీసుకుంది.

"అవ్వగారూ! ఉన్నారా?"

ముందు నవ్వు వినబడింది. ఆ తర్వాత మాట.

"ఉన్నాను. నువ్వున్నావా?"

ఉత్పల తన కాళ్ళ వైపు చూసుకుంది. వట్టి కాళ్ళు. వెనక్కి తిరిగింది. దూరంగా, సర్వర్ గది గుమ్మంలో, ఆమె చెప్పులకు ఎదురుగా గంగులు కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో అరిటాకు నిండా పనసతొనలు పెట్టుకుని. తలుపు తట్టబోతున్న కోదండం మాష్టారి చెయ్యి పట్టుకుని ఆపి, పెదవుల మీద వేలు పెట్టుకుని చెబుతున్నాడు:

"అమ్మాయిగారు లోపల పనిలో ఉన్నారండి. కదపకూడదు."