వాక్యం రానివాళ్ళకు అన్నం లేదు

తబిత పప్పు గిన్నెలో ఉమ్మేసింది. పొరపాటున తుంపర పడటం కాదు. వంటశాల వెనక తలుపులోంచి వచ్చి, మూత తీసి, కావాలని ఉమ్మేసింది. వంటామె కరుణమ్మ కళ్ళారా చూసింది.

అరవై మంది పిల్లల మధ్యాహ్నం పప్పు అది. మొత్తం పారబోశారు.

హాస్టల్ వార్డెన్ జీవరత్నానికి ఒళ్ళు మండిపోయింది. బెత్తం తీసుకుని రెండు చేతుల మీదా కొట్టాడు. "మోకరించు! క్షమాపణ అడుగు!" అని అరిచాడు. ఆ పిల్ల మోకరించలేదు. మెడ పట్టి వంచబోతే అతని చెయ్యి కొరికింది.

ఇక ఇది ఇక్కడ ఉండటానికి వీల్లేదన్నాడు. పక్క ఊరినుంచి దాని అమ్మమ్మను పిలిపించాడు. తబితకు తల్లీ తండ్రీ లేరు. హాస్టల్ గేటు దాటితే ఆ పిల్లకు మిగిలేది మిరప చేలల్లో కాయకోత ఒక్కటే. ఆ సంగతి జీవరత్నానికీ తెలుసు. అయినా అతని కోపం తగ్గలేదు.

పంపించే ముందు ఫిలేమోను అయ్యగారికి ఒక మాట చెప్పాలి. ఆ హాస్టల్ పెట్టిన పాస్టరుగారు ఆయనే. ముసలివారై, ఇప్పుడు చర్చి వెనక గదిలో ఉంటున్నారు. జీవరత్నం చిన్నప్పుడు అక్కడే పెరిగి, ఆయన దగ్గరే బైబిల్ వాక్యం నేర్చుకున్నాడు. పిల్ల రెక్క పట్టుకుని ఆయన ముందుకు లాక్కొచ్చాడు. వెనకే అమ్మమ్మ వచ్చి గడప దగ్గర కూలబడింది.

"ఇది పిల్ల కాదండీ అయ్యగారూ. పాపం దీని ఎముకల్లోనే ఉంది, పుట్టుకతోనే వచ్చింది. మొక్కై వంగనిది మానై వంగుతుందా? పంపించేద్దాం."

"పసిబిడ్డయ్యా! దానికేం తెలుసుద్ది?" అంది అమ్మమ్మ. "పిల్లలు దేవుడితో సమానం గదయ్యా."

అయ్యగారు ఇద్దరి మాటా పట్టించుకోలేదు. పిల్లనే అడిగారు.

"ఉమ్మేశావా?"

"ఊఁ."

"తెలిసే చేశావా?"

"తెలిసే."

"ఎందుకు?"

"పొద్దున ఈ సారు నా కంచం లాక్కున్నాడు. రాత్రి కూడా లాక్కున్నాడు."

ఆ హాస్టల్లో ఒక పద్ధతుంది. అన్నానికి ముందు ప్రతి పిల్లా ఆ రోజు వాక్యం కంఠతా చెప్పాలి. తప్పు చెబితే కంచం వెనక్కి. దేవుడి మాట పేరు చెప్పి పసికడుపులు మాడ్చటం! పైగా దానికి భక్తి అని పేరు.

"నీకు ఆకలేస్తే అందరి కూట్లో ఉమ్మేస్తావా?" అయ్యగారి గొంతు కటువుగా ఉంది. "నీ కంచం లాక్కున్నది వాళ్ళా? అది పాపం తబితా. చిన్నదేం కాదు."

పిల్ల తల వంచుకుంది.

జీవరత్నానికి బలం వచ్చింది. "చూశారా! నేను చెప్పేదీ అదే. పాపంలో పుట్టింది."

"పుట్టింది. మరి నువ్వు దేంట్లో పుట్టావు రత్నం?"

"అది కాదండీ, క్షమాపణ అడగమని గొంతు చించుకున్నాను. నోరు విప్పదు."

"పెద్దవాళ్ళు అడగ్గా ఎప్పుడన్నా చూసిందా?"

"ప్రతి ఆదివారం చర్చిలో అందరం అడుగుతూనే ఉన్నాం గదండీ!"

"దేవుణ్ణి అడుగుతున్నాం. మనిషిని అడగ్గా చూసిందా అంటున్నాను."

అయ్యగారు చేతికర్ర పక్కన పెట్టి, మంచం పట్టె పట్టుకుని, మెల్లగా మోకాళ్ళ మీదికి దిగారు. తబిత ముందు.

"తల్లీ, వాక్యం రాకపోతే అన్నం లేదన్న పద్ధతి పెట్టింది ఈ రత్నం కాదు. నేను. పిల్లలు బాగుపడతారనుకున్నాను. తప్పు చేశాను. నన్ను క్షమించు. ఈ పూట నుంచి ఆ పద్ధతి లేదు."

"లేవండి అయ్యగారూ! దీని ముందు మీరు..." జీవరత్నం ఆయన భుజాలు పట్టుకోబోయాడు. చేతులు మధ్యలోనే ఆగిపోయాయి.

"చిన్నప్పుడు మీరు నా కంచం కూడా లాక్కున్నారు," అన్నాడు. "నాకప్పుడు నత్తి. వాక్యం వచ్చు, నోట్లోంచి బయటికి వచ్చేది కాదు. ఎన్ని రాత్రులు పస్తు పడుకున్నానో మీకు తెలుసా? నన్నెప్పుడు క్షమాపణ అడిగారు మీరు?"

అయ్యగారి మీద ఎవరూ ఎప్పుడూ అలా గొంతెత్తలేదు. గడప దగ్గర ముసలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అయ్యగారు మోకాళ్ళ మీదే అతనివైపు తిరిగారు.

"అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. క్షమించు రత్నం."

అయ్యగారు కళ్ళతోనే తబితను చూపించారు. జీవరత్నానికి అర్థమైంది. ఇందాకటిదాకా ఆ పిల్లను మోకరించమని అరిచినవాడికి తన మోకాళ్ళు వంగటం లేదు.

"కష్టంగా ఉంది కదూ?" అన్నారు అయ్యగారు. "దానికి ఎనిమిదేళ్ళే."

జీవరత్నం వంగాడు. కొడతాడేమోనని తబిత చప్పున వెనక్కి జరిగి, రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది. అది చూసి అతను బావురుమన్నాడు.

"తప్పయింది తల్లీ. ఇంకెప్పుడూ కొట్టను. నువ్వెక్కడికీ పోవద్దు."

తబిత దాచుకున్న చేతులు ముందుకు తెచ్చుకుంది. ఆ తర్వాత మెల్లగా అడిగింది.

"పప్పు సంగతి... కరుణమ్మక్కని ఒక్కదాన్నే అడగాలా, అందర్నీ అడగాలా?"

"అందర్నీ," అన్నారు అయ్యగారు.