బావమరిది విరిచిన రాతికొమ్ము

అనగనగా ఒక అడవిలో ఒక కొండ. ఆ కొండ కడుపులో ఒక గుహ. గుహ కప్పు నుంచి నీటిచుక్కలు పడుతూ ఉండేవి. పడే ప్రతి చుక్కా కంటికి ఆనని పిసరంత సున్నం అక్కడే వదిలిపోయేది. అలా తాతల నాటి నుంచి పేరుకుని, తెల్లటి రాతికొమ్ములు కప్పు నిండా వేలాడేవి. ఒక్క కొమ్ము వేలెడు పెరిగేలోపు ఏనుగు పుట్టి ముసలిదైపోయేది. అలాంటి సొత్తు ఇంకే అడవికుంది చెప్పండి?

అందుకే ఆ గుహ కోసం పులిరాజు ఒక శాసనం చేశాడు. "లోపల గీతలు గీయకూడదు. చెత్త వేయకూడదు. ముక్క విరవకూడదు. తప్పినవాడు తాను పాడుచేసిన చోటే వానలు వచ్చేదాకా కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ 'ఇది చేసింది నేనే' అని చెప్పాలి."

ఇంకో ఆచారం కూడా ఉండేది. గుమ్మం దగ్గర ముక్కు మీద ఒక్క చుక్క పడేదాకా నిలబడాలి. ఆ చుక్క ఎంత నిదానమో తెలిశాకే లోపలికి అడుగు పెట్టాలి.

గుహకు కాపలా ముళ్ళపంది సూదయ్య. అంతకుముందు వాళ్ళ నాన్న, తాత కూడా అదే గుమ్మంలో నిలబడ్డారు. అందుకని సూదయ్య ముళ్ళు ఎప్పుడూ గర్వంగా నిక్కబొడుచుకునే ఉండేవి.

ఒకరోజు ఎలుగుబంటి వచ్చింది. "సూదయ్యా, వీపు దురద చంపుతోంది. ఆ కొమ్ముతో ఒక్కసారి గోక్కుంటాను."

"బయట ఇప్పచెట్టు ఉంది. దాని బెరడుతో ఎంతైనా గోక్కో," అన్నాడు సూదయ్య. ఎలుగు గొణుక్కుంటూ పోయింది.

ఇంకోరోజు కొండముచ్చు కోటయ్య దొంగచాటుగా దూరి, బొగ్గుతో గోడ మీద తన తోక బొమ్మ గీశాడు. సూదయ్య పట్టుకున్నాడు.

"సిగ్గుతో చచ్చిపోతానయ్యా, వదిలెయ్!" అని బతిమాలాడు కోటయ్య.

"శాసనం నాది కాదు, అడవిది," అన్నాడు సూదయ్య. కోటయ్య ఆ బొమ్మ కింద కూర్చోక తప్పలేదు.

ముచ్చటగా మూడోసారి వచ్చింది ఎవరో తెలుసా? సూదయ్య భార్య గవ్వమ్మకు తమ్ముడు, చిట్టెన్న.

"ఏం బావా, బావమరిదిని గుమ్మంలో నిలబెడతావా?"

సూదయ్య మెత్తబడ్డాడు. ఎంతైనా అత్తవారి వైపు వాడు. "సర్లేరా, పో," అన్నాడు. ముక్కు మీద చుక్క పడకుండానే చిట్టెన్న లోపలికి వెళ్ళి, వెళ్ళినంత వేగంగా తిరిగొచ్చాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర చిట్టెన్న ఒక తెల్లటి రాతిమొన బయటకు తీశాడు. "అక్కా, నీ ముళ్ళు దువ్వుకోవడానికి తెచ్చాను."

సూదయ్య తింటున్న ముద్ద పక్కన పెట్టేశాడు.

"ఎవరు చూశారని?" అంది గవ్వమ్మ గాభరాగా. "నా పుట్టింటి పరువు పోతుంది. మీ కాపలా కూడా పోతుంది. దీన్ని మట్టిలో పాతేద్దాం."

"నేను చూశాను కదే. పాతేస్తే రేపు కోటయ్య మొహం ఎలా చూడను?" అన్నాడు సూదయ్య. ఆ ముక్కను నోట కరుచుకుని, బావమరిదిని వెంటబెట్టుకుని నేరుగా పులిరాజు సభకు నడిచాడు.

అక్కడ ముక్కను రాజు ముందు పెట్టాడు. "విరిచింది వీడు. కానీ సగం తప్పు నాది మహారాజా. చుట్టమని ఆచారం తప్పించింది నేనే."

"అయితే ఇద్దరూ కూర్చోండి," అన్నాడు పులిరాజు. తర్వాత సభవైపు తిరిగాడు. "మరి కాపలా ఎవరికిద్దాం?"

శిక్షలో ఉన్న కోటయ్యను కూడా ఆ రోజు సభకు పిలిపించారు. అతనే ముందు లేచాడు.

"ఇంకెవరికి? సూదయ్యకే ఇవ్వాలి! ఇన్నాళ్ళూ నన్నొక్కణ్ణే పట్టుకున్నాడని కుమిలిపోయాను. ఇవాళ తన ఇంటివాణ్ణే పట్టుకొచ్చాడు, తన తప్పూ తనే చెప్పుకున్నాడు. ఇంతటి కాపలాదారు మనకు మళ్ళీ దొరకడు."

సభ అంతా అవునంది. ఎలుగుబంటి అయితే అందరికంటే గట్టిగా అంది.

మర్నాటి నుంచి విరిగిన కొమ్ము కిందే సూదయ్య కాపలా. పక్కనే చిట్టెన్న. ఇద్దరికీ గవ్వమ్మ రోజూ దుంపలు మోసుకెళ్ళేది. దారిలో ఎవరైనా ఎక్కడికని అడిగితే తలెత్తి చెప్పేది. "మా ఆయన దగ్గరికి. అబద్ధం ఆడని సూదయ్య దగ్గరికి!"

వానలు వచ్చాయి. శిక్ష ముగిసింది. సూదయ్య తిరిగి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు. చిట్టెన్న మాత్రం లేవలేదు. విరిగిన చోట ఏదో తెల్లగా కనిపించింది. కళ్ళు చికిలించి చూస్తే తప్ప ఆనదు.

"బావా! పెరుగుతోంది!" అని కేక పెట్టాడు.

ఆ రోజు నుంచి ఆ గుమ్మానికి ఇద్దరు కాపలాదారులు. ఎవరొచ్చినా ముందు చిట్టెన్నే ఎదురెళ్ళి చెప్పేవాడు.

"లోపల ఒక కొమ్ము విరిగి ఉంటుంది. విరిచింది నేనే. నేను సూదయ్య బావమరిదిని. ఊఁ, ముక్కు చాపి నిలబడు!"

నీతి: మన ఇంటివాడికైనా సడలించని చట్టమే అందరి సొత్తునూ కాపాడుతుంది.